ఏడుస్తూ దిగే బండి

పోయిన నెల పలమనేరులో ఒక పెళ్ళికి వెళ్ళి చిత్తూరు బస్సులో తిరిగి వస్తున్నాను. బస్సు మొగిలి ఘాట్ దిగుతోంది. ఇప్పుడు దాన్ని ఘాట్ అనడానికి కూడా మొహమాటంగా ఉంటుంది. రోడ్డు వెడల్పు చేశారు, మలుపులు చెక్కేశారు. మా ముందు నిండు లోడుతో ఒక లారీ చిన్న గేర్లో మూలుగుతూ దిగుతోంది. ఊఁ అని ఒకటే శ్రుతి, ఎక్కడా తెగడం లేదు. మా బస్సు దాని వెనకే ఈడ్చుకుంటూ నడవాల్సి వచ్చింది. నా పక్కన కిటికీ దగ్గర కూర్చున్న కుర్రవాడు విసుక్కున్నాడు. "ఏంది తాతా, ఆ లారీ అట్ల ఏడస్తా ఉండాది? ఇట్ల దిగితే డీజిల్ ఎంత తాగతాదో!" అన్నాడు. నేను వాడి వైపు తిరిగాను. ఎందుకంటే సరిగ్గా ఆ మాటే, అదే మలుపులో, నలభై ఏళ్ళ క్రితం నేను దేవసహాయం అన్నతో అన్నాను.

మాది తిరుచానూరు. మా నాయన అమ్మవారి గుడి దగ్గర పూలు అమ్మేవాడు. నేను పూలబుట్ట ముట్టకుండా స్టీరింగు పట్టుకున్నాను. తిరుపతిలో బియ్యం లారీ తోలుతూ తోలుతూ, ఎనభయ్యో దశకం మొదట్లో చిత్తూరులో నల్లరాయి ట్రైలర్లు నడిపే ఒక షెడ్డులో చేరాను. పలమనేరు పైన క్వారీలో తీసిన దిమ్మెలను మద్రాసు హార్బరుకు చేర్చడం మా పని. ముందు ఇంజను బండి, వెనక ట్రైలరు, రెండింటికీ కలిపి పద్నాలుగు చక్రాలు, పైన ఇరవై టన్నుల రాయి. ఇరవై ఎనిమిదేళ్ళ వయసు, కొత్తగా పెళ్ళి, చేతిలో అంత బండి. కాళ్ళు నేల మీద ఆనలేదంటే పూర్తిగా నా తప్పు కాదు. మా మామగారు ఊళ్ళో పదిమందిని వెంటబెట్టుకుని వచ్చి, "మా అల్లుడి బండి" అని చక్రాలు లెక్కపెట్టి మరీ చూపించాడు.

అవి డీజిల్ కోసం పంపుల దగ్గర వరుసలో నిలబడే రోజులు. మా షెడ్డు ఓనరు నాయుడన్న గోడకు ఒక నల్లబోర్డు తగిలించాడు. బండి బయలుదేరేటప్పుడు ఊరి బయట పంపులో ట్యాంకు మెడ దాకా నింపాలి, తిరిగి వచ్చాక అదే పంపులో మళ్ళీ మెడ దాకా నింపాలి. లీటరుకు ఎంత దూరం వచ్చిందో సుద్దముక్కతో బోర్డు మీద రాస్తారు. ఎక్కువ తెచ్చినవాడు పైన, తక్కువ తెచ్చినవాడు కింద. ఆరుగురు డ్రైవర్లలో నా పేరు ఎప్పుడూ అడుగునే ఉండేది. ఒకరోజు నాయుడన్న అందరి ముందు నన్ను నిలబెట్టాడు.

"మునిరత్నం, నీ బండి తాగినట్ల ఎవుని బండీ తాగదప్పా. దీపావళి లోపల నీ పేరు కింద ఇంకో పేరు ఉండల్ల. లేదంటే ట్రైలరు దిగి, పైన క్వారీలో దుమ్ము తినుకుంటా టిప్పరు తోలుకో."

మామగారు లెక్కపెట్టిన పద్నాలుగు చక్రాలు కళ్ళ ముందు ఒక్కొక్కటే ఊడిపోతున్నట్టు అనిపించింది. నాయుడన్న అంతటితో వదల్లేదు. నెల రోజులు నా బండి ఇంకొకరికి ఇచ్చి, నన్ను దేవసహాయం పక్కన కూర్చుని నేర్చుకోమన్నాడు. టిప్పరు కన్నా ఆ మాటే నాకు ఎక్కువ కాలింది. లైసెన్సు వచ్చి ఎనిమిదేళ్ళయినవాణ్ణి, నాకు నేర్పేదేమిటి?

దేవసహాయం అన్న యాభై దాటిన మనిషి. సన్నగా ఉండేవాడు, భుజాలు కొంచెం ముందుకు వంగి ఉండేవి. ఖాకీ చొక్కా జేబులో చిన్న బైబిలు పుస్తకం, దాని వెనక పొడుం డబ్బా. ఆదివారం చర్చి ముగిసేదాకా స్టీరింగు ముట్టేవాడు కాదు, నాయుడన్న ఎంత అరిచినా సరే. మేం కుర్రవాళ్ళం ఆయనకు చాటున పెట్టుకున్న పేరు నత్త. ఆ నత్త మద్రాసుకు మా తరవాత అరగంటకు చేరేవాడు, బోర్డు మీద మాత్రం పైనుండేవాడు. ఆ అరగంటే మాకు కనిపించేది, బోర్డు సంగతి అదృష్టమనుకునేవాళ్ళం.

మొదటి రోజు తెల్లవారి షెడ్డుకు వెళ్ళేసరికి ఆయన ఒక ఇనుప స్పానరు పట్టుకుని టైర్లను ఒక్కొక్కదాన్నే తట్టుకుంటూ బండి చుట్టూ తిరుగుతున్నాడు. తట్టడం, తల వంచి వినడం, పక్కదానికి పోవడం.

"ఏందన్నా, పొద్దున్నే మృదంగం వాయిస్తా ఉండావు?" అన్నాను.

ఆయనకు కోపం రాలేదు. స్పానరు నా చేతికిచ్చాడు. "నువ్వు వాయించు. ఏది అబద్ధం సెప్తా ఉండాదో కనుక్కో."

పద్నాలుగూ తట్టాను. అన్నీ ఒకేలా పలికాయి. ఆయన నన్ను ట్రైలరు వెనక జంటటైర్ల దగ్గరికి తీసుకుపోయి లోపలిదాన్ని మళ్ళీ తట్టించాడు. మెత్తగా, గొంతు బొంగురుపోయినట్టు పలికింది. "లోపలోడు మెత్తబడితే బయటోడు వాని బరువూ మోస్తాడు. ఇద్దురి కష్టమూ ఇంజను తాగతాది. పైకి సూస్తే రెండూ గుండ్రంగానే ఉంటాయప్పా" అన్నాడు. ఆ రోజు గాలి కొట్టించాకే బండి కదిలింది. ఇంతకాలం నా బండి లోపలి టైర్లు నాకెన్ని అబద్ధాలు చెప్పాయో అని మనసులో కొంచెం బెదురు పుట్టింది, కానీ పైకి ఒప్పుకోలేదు.

ఊరు దాటాక నాకు స్టీరింగు ఇచ్చి, చెప్పులు విప్పమన్నాడు. ఎందుకన్నాను. "నువ్వు కాలితో తొక్కతా ఉండావా, సెప్పుతో తొక్కతా ఉండావా?" అన్నాడు. వట్టి పాదం యాక్సిలేటరు మీద పెట్టాక తెలిసింది, అది నిజంగా వణుకుతుందని, ఎక్కుడులో ఒకలాగ, చదునులో ఒకలాగ తగులుతుందని. ఎంతవరకు తొక్కితే బండి పరుగెత్తుతుందో, ఎక్కడి నుంచి వట్టి పొగే వస్తుందో పాదానికి అందింది. ఎనిమిదేళ్ళ అనుభవంలో ఆ హద్దు ఉందనే నాకు తెలియదు. "పొగ నల్లగా పోయిందంటే మనం కొన్న డీజిలు మేఘాలకు పోసినామని లెక్క. మేఘాలకు ఆకలి లేదు రత్నం" అని నవ్వాడు.

ఇంకొక రోజు మద్రాసు దారిలో జరిగింది నాకు ఎప్పటికీ మరుపు రాదు. ముందు చాలా దూరంలో రైల్వే గేటు. తెరిచే ఉంది. నేనైతే గేటు పడేలోపల దూరాలని తొక్కేవాణ్ణి. ఆయన కాలు తీసేశాడు. బండి దానంతట అదే నెమ్మదిస్తూ పోతోంది.

"తొక్కన్నా, దాటిపోతాం!" అన్నాను.

"గేటాయన గుడిసెలోనుంచి జెండా పట్టుకోని బయటికొచ్చినాడు, సూడలేదా?"

నేను చూడలేదు. నేను చూసేది బానెట్టు ముందు నాలుగు గజాలు. గేటు పడింది, మమ్మల్ని దాటి దూసుకుపోయిన బండ్లన్నీ కీచుమని ఆగాయి. మేం పాకుతూ పాకుతూ చేరేసరికి రైలు పోయింది, గేటు లేచింది. మేం ఆగనే లేదు. ఆగిన బండ్లు నల్లపొగ కక్కుతూ మళ్ళీ కదలడానికి పెనుగులాడుతుంటే ఆయన అన్నాడు: "ఇరవై టన్నులప్పా. పండుకున్న ఏనుగును లేపాలంటే ఎంత మేపల్ల? అందుకే దాన్ని పండుకోనియ్యగూడదు."

మధ్యాహ్నం చింతచెట్టు కింద ఆపి, ఇంజను ఆపేసి, ఇంటి నుంచి తెచ్చిన రాగిసంగటి, చెనిక్కాయల ఊరుబిండి పచ్చడి పెట్టేవాడు. ఇద్దరికీ సరిపడా తెచ్చేవాడు, నేను తెచ్చుకోనని మొదటి రోజే గ్రహించాడు కాబోలు. తినే ముందు చక్రాల ఇరుసు చివర్లను ఒక్కొక్కటే చేతి వెనకవైపుతో తాకి చూసేవాడు. "అరిచెయ్యి మొండిది, దానికి నిజం తెలీదు. ఎనక్కి తిప్పు" అని నా చెయ్యి పట్టి తాకించాడు. ఒకటి మిగతావాటి కంటే వేడిగా ఉంటే అక్కడ బ్రేకు అంటుకుంటోందని అర్థం. అంటుకున్న బ్రేకుతో బండి తోలడం, తలుపు గడియ వేసి లోపలికి తోయడం లాంటిదని చెప్పాడు.

అన్నింటికంటే నాకు నచ్చనిది ఆయన మొగిలి దిగే తీరు. ఘాట్ పైన ఒకసారి ఆగి, చక్రాల బ్రేకు డ్రమ్ములన్నీ తాకి చూసి, కళ్ళు మూసుకుని ఒక్క మాట ప్రార్థన చేసి, రెండో గేరు వేసేవాడు. కింద దాకా అదే గేరు. బండి మూలుగుతూ, గింజుకుంటూ, ఎద్దుబండి నడకలో దిగేది. మా షెడ్డు బండ్లు, ఊళ్ళోళ్ళ బండ్లు చివరి మలుపుల్లో న్యూట్రల్‌లో పెట్టుకుని చప్పుడు లేకుండా జారిపోయేవి. ఇంజనుకు పని లేకపోతే డీజిల్ మిగులుతుందని ఆ రోజుల్లో ఈ దారిలో ప్రతి డ్రైవరూ నమ్మేవాడు.

"ఏందన్నా, ఇట్ల ఏడిపిస్తా దిగితే డీజిల్ ఎంత తాగతాదో!" అన్నాను నేను.

"దిగేటప్పుడు బండి ఏడ్సల్ల, మనం నవ్వల్ల. అది నవ్వితే మన ఇండ్లల్లో ఏడస్తారు" అన్నాడు. అంతకన్నా చెప్పలేదు. ప్రాణభయం ముసలివాళ్ళకు ఉంటుందిలే అనుకున్నాను.

నెల గడిచింది. నా బండి నాకు వచ్చింది. టైర్లు తట్టాను, చెప్పులు విప్పాను, టీకొట్ల దగ్గర ఇంజను ఆపాను, దూరం చూశాను. బోర్డు మీద నా పేరు ఒక్కొక్క మెట్టే ఎక్కింది. దసరా నాటికి దేవసహాయం అన్న పేరు కింద నిలిచింది. అక్కడే ఉండిపోయి ఉంటే బాగుండేది. కానీ ఒక్క మెట్టు మిగిలిపోతే మనిషికి నిద్ర పట్టదు కదా. ఆయన చెయ్యనిదీ నేను చెయ్యగలిగినదీ ఒకటే ఉందనుకున్నాను. మొగిలిలో కొండ పైనుంచే న్యూట్రల్ వెయ్యడం మొదలుపెట్టాను. ఆ వారమే మధ్యాహ్నం భోజనం దగ్గర ట్రైలరు వెనక ఎడమ ఇరుసు కాస్త వేడిగా తగిలితే, బ్రేకు అంటుకుంటోందని పట్టి షెడ్డులో సర్దించాను కూడా. అది నేను ఎవరికీ చెప్పలేదు, నేనే మరిచిపోయాను. నా మనసంతా ఆ జారుడు మీదే ఉంది.

బోర్డు మీద నా పేరు పైకి పోయింది. నాయుడన్న షెడ్డులో అందరి ముందూ నా భుజం తట్టాడు. "గురువును మించిన శిష్యుడప్పా వీడు! దేవసహాయం, ఇంక నువ్వే వీని పక్కన కూర్చోని నేర్చుకోల్ల" అని పకపకా నవ్వాడు. అందరూ నవ్వారు. దేవసహాయం అన్న నవ్వలేదు, చిన్నబుచ్చుకోనూ లేదు. తిన్నగా నా బండి దగ్గరికి పోయి చక్రం దగ్గర వంగి వాసన చూశాడు. నా దగ్గరికి వచ్చి మెల్లగా అడిగాడు.

"మొగిలి ఏ గేర్లో దిగినావు రత్నం?"

"రెండో గేర్లోనే అన్నా."

ఆయన నా కళ్ళలోకి చూసి తల ఊపాడు. నమ్మినవాడు ఊపినట్టు కాదు. నన్ను పదిమందిలో పట్టివ్వలేదు. పట్టిచ్చినా బాగుండేదని తరవాత చాలాసార్లు అనుకున్నాను. నా అంకె చూసి మిగతా కుర్రవాళ్ళు కూడా, అంతకు ముందు ఏ చివరి మలుపులోనో న్యూట్రల్ వేసేవాళ్ళు, ఇప్పుడు కొండ పైనుంచే వెయ్యడం మొదలుపెట్టారు.

దీపావళికి ఇంకా వారం ఉంది. ఉదయం పది గంటలు. ఎండ బాగా కాస్తోంది. నిండు లోడుతో ఘాట్ దిగుతున్నాను. ఇంజను గుసగుసలాడుతోంది, బండి జారుతోంది, నేను పాట పాడుకుంటున్నాను. రెండో మలుపులో బ్రేకు తొక్కితే బండి కొంచెం ఆలస్యంగా మాట విన్నది. మూడో మలుపులో సగమే విన్నది. కాలిన బ్రేకు లైనరు వాసన క్యాబిన్ లోకి కొట్టింది. గేరు వెయ్యబోయాను. ఆ వేగంలో గేరు ఎక్కడ పడుతుంది? గరగరమని చేతిని తోసేసింది. మళ్ళీ వేశాను. మళ్ళీ తోసింది. వట్టి పాదం కింద బ్రేకు పెడలు గుడ్డముక్కలా అయిపోయింది. మా నాయన, పూలబుట్ట, కడుపుతో ఉన్న నా భార్య ధనమ్మ, అన్నీ ఒక్కసారిగా కనిపించాయి. ఎదురుగా మలుపు, దాని అవతల లోయ. ఎడమవైపు కొండను తొలిచిన మట్టికట్ట. స్టీరింగు అటు కోశాను. బండి కట్టను రాసుకుంటూ, రాళ్ళు ఎగరగొడుతూ, చాలా దూరం గీసుకుపోయి ఆగింది. ముందు బంపరు ముద్దయింది. గొలుసులు పట్టుకోబట్టి దిమ్మె అంగుళం కూడా కదల్లేదు. నాకు మోచెయ్యి చీరుకుపోయింది, అంతే. అమ్మవారు కాపాడిందని ఇప్పటికీ అంటాను.

చక్రాల నుంచి పొగ లేస్తోంది. ఎవరో బిందెతో నీళ్ళు తెచ్చి పొయ్యబోయారు. "నీళ్ళు పొయ్యొద్దు! డ్రమ్ము పగల్తాది!" అని కింది నుంచి కేక వినిపించింది. ఖాళీ ట్రైలరుతో క్వారీకి ఎక్కుతున్న దేవసహాయం అన్న. బండి ఆపి, చక్రాలకు రాళ్ళు అడ్డంపెట్టి, నా మోచేతికి తన తువ్వాలు కట్టాడు. కట్ట మీద నన్ను కూర్చోబెట్టి తనూ కూర్చున్నాడు. పొగ తగ్గేదాకా గంటసేపు లేచి లేచి చక్రాలు చూసి వచ్చాడు. నాకు ఏడుపు వచ్చింది, ఏడ్చాను.

"తిట్టన్నా" అన్నాను.

"ఇప్పుడు కాదు. డ్రమ్ములు సల్లారినాక, ఇద్దురమూ దిగుదాం. గేర్లో."

ఆయన బండిని అక్కడే పక్కన పెట్టి నా పక్కన ఎక్కాడు. రెండో గేర్లో మూలుగుతూ దిగాం. షెడ్డుకు పోగానే నాయుడన్న ముందు నిలబడి, డ్రైవర్లందరూ వింటుండగా నేను చెప్పేశాను. న్యూట్రల్ వేశానని, అబద్ధం చెప్పానని, ఆ అంకె నాది కాదని. నాయుడన్న ముఖం ఎర్రబడింది. దీపావళి దాకా ఆగనవసరం లేదు, బంపరు బాగుచేయించి ఈ లోడు దింపి వచ్చాక టిప్పరుకు పొమ్మన్నాడు. చెరపడానికి బోర్డు దగ్గరికి నడిచాడు.

"ఆగు నాయుడన్నా" అన్నాడు దేవసహాయం అన్న. "ఈ ట్రిప్పు అయిపోనీ, నేనూ కూడా పోతా. ఇంకోసారి ఘాట్ దిగొచ్చి కొలుద్దాం. అప్పుడు చెరుపుదువు."

ఆ ట్రిప్పు, దాని తరవాతి ట్రిప్పు ఆయన నా పక్కనే ఉన్నాడు. స్టీరింగు నాదే. మొగిలిలో పై నుంచి కింది దాకా బండి ఏడుస్తూనే దిగింది. ఆయన నాకు ఒక్క సలహా ఇవ్వలేదు, కిటికీ లోంచి చూస్తూ పొడుం పీల్చుకుంటూ కూర్చున్నాడు. చిత్తూరు పంపులో ట్యాంకు మెడ దాకా తన చేత్తోనే నింపి, కాగితం మీద లెక్క వేశాడు. మళ్ళీ వేశాడు. కాగితం నా చేతికిచ్చి పెద్దగా నవ్వాడు. పాత అంకెకు ఒక పిసరు ఎక్కువే వచ్చింది!

"ఎట్లన్నా ఇది?" అన్నాను.

"గేర్లో ఉండి కాలు తీసేస్తే ఇంజన్లో పంపు డీజిలే ఇయ్యదప్పా. కిందికి లాగే బరువే ఇంజన్ను తిప్పతాది. న్యూట్రల్ల పెడితే ఇంజను ఆరిపోకుండా ఉండేదానికి సుక్క సుక్క తాగతానే ఉండల్ల. బండి ఏడస్తా ఉండేటప్పుడే అది ఉపాసం ఉండేది. నువ్వు ప్రాణం పణం పెట్టి మిగిల్చింది సున్న." ఆయన నవ్వు ఆగింది. "నా తప్పూ ఉండాది రత్నం. నీకు ప్రాణం అని సెప్పినా గానీ ఈ లెక్క సెప్పలేదు. కుర్రోళ్ళకు సావంటే భయం ఉండదు, లెక్కంటే ఉంటాది. ముందే సెప్పింటే నువ్వు ఆ కట్టను గుద్దేవానివి కాదు."

"అయితే మిగిలిన డీజిలు యాడిదన్నా?"

"ఎనక ఎడమ ఇరుసు బ్రేకు నువ్వు సర్దించినావని మెకానిక్కు సెప్పినాడు. నీ బండిలో నెల దినాలు తిరిగినోడు గూడా దాన్ని పట్టలేదు. నీ చెయ్యి పట్టింది. ఆ చెయ్యిదీ, ఆ కాలిదీ ఆ డీజిలు." నా చేతిని తిప్పి వెనకవైపు చూశాడు. "నువ్వు నన్ను దాటినావురా. నిజంగానే దాటినావు. ఆ సంగతి నీకే తెలీక దొంగతనం సేసినోనిమాదిరి తిరగతా ఉండావు."

నా జీవితంలో నన్ను ఎవరైనా పొగిడినందుకు సిగ్గుతో తల దించుకున్నది ఆ ఒక్కసారే. కష్టపడి సంపాదించుకున్నదాన్ని నేనే దొంగసొత్తు చేసుకున్నాను.

నాయుడన్న మాట వెనక్కి తీసుకోలేదు. నాలుగు నెలలు నేను క్వారీలో టిప్పరు తోలాను, దుమ్ము తిన్నాను. మామగారు ఆ నాలుగు నెలలూ మా ఇంటికి రాలేదు. అది నాకు తగిన శిక్షే. కానీ బోర్డు మీది అంకెను మాత్రం దేవసహాయం అన్న చెరపనివ్వలేదు. సుద్దముక్క తీసుకుని కొత్త అంకెను నా పేరు పక్కన, తన పేరును దాని కింద తానే రాశాడు. ఆ పూటే మిగతా డ్రైవర్లను కూర్చోబెట్టి డీజిలు పంపు ఎట్లా పనిచేస్తుందో, దిగుడులో ఎందుకు తాగదో విడమర్చి చెప్పాడు. ఆ తరవాత మా షెడ్డు బండి ఏదీ మొగిలిలో చప్పుడు లేకుండా దిగలేదు.

ఆయన రిటైరయ్యాక ఏర్పేడు దగ్గర కూతురింట్లో పదేళ్ళు బతికి, మంచం మీద, పిల్లల మధ్య పోయాడు. ముప్ఫై ఏళ్ళకు పైగా లారీ తోలినవాడికి అలాంటి చావు దొరకడం ఎంత అరుదో తోలినవాళ్ళకే తెలుసు. నేను దాదాపు ముప్ఫై మందికి డ్రైవింగు నేర్పాను. ఒక్కొక్కరికీ ముందు చెప్పులు విప్పించాను, భయపెట్టకుండా లెక్క చెప్పాను. ఎవరైనా నన్ను దాటితే ఆ మాట వాళ్ళకు నేనే ముందు చెప్పాను. అది ఆయన దగ్గర నేర్చుకున్న అన్నింటిలోకీ కష్టమైన పాఠం.

మా ముందు లారీ ఇంకా మూలుగుతూనే ఉంది. కుర్రవాడు జవాబు కోసం నా వైపే చూస్తున్నాడు.

"ఒక్క సుక్క గూడా తాగడం లేదు నాయనా అది" అన్నాను. "ఏడవనీ. ఆ డ్రైవరు ఇంటికి పోయి అన్నం తింటాడు."

వాడికి అర్థం కాలేదు. చివరి మలుపు వచ్చింది. ఎడమ పాదానికి బస్సు నేల చల్లగా తగిలితే కిందికి చూసుకున్నాను. నా చెప్పులు సీటు కింద ఉన్నాయి, కుడి పాదం మాత్రం యాక్సిలేటరు మీంచి తీసినట్టు గాలిలోకి లేచి ఉంది.